పాత కారు కిటికీ రబ్బర్లు మార్చాలంటే: బయటి బీడింగ్ ఒక్కటి చాలదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. 1960ల నాటి కారు. ముందు తలుపులకు తిప్పి తెరిచే చిన్న ముక్కోణపు అద్దాలున్నాయి. కిటికీ రబ్బర్లన్నీ రాయిలా గట్టిపడి, గోటితో గీకితే పొడి రాలుతున్నాయి. వాన పడితే కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తోంది, గతుకుల్లో అద్దం గలగలమంటోంది. బయటికి కనిపించే బీడింగ్ ఒక్కటి మారిస్తే సరిపోతుందా, ఏ గమ్ వాడాలి, ఈ పని మనమే చేసుకోవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీరే చేసుకోవచ్చు. మొదటి తలుపుకు ఒక రోజంతా పడుతుంది, రెండోది సగం రోజులో అయిపోతుంది. కానీ బయటి బీడింగ్ ఒక్కటి మారిస్తే గలగల కాస్త తగ్గుతుందేమో గానీ, కార్పెట్ తడవడం ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. డోర్ ప్యాడ్, అంటే తలుపుకు లోపలి వైపు కప్పి ఉండే అట్ట, విప్పారంటే ఆ తలుపు కిటికీకి ఉన్న రబ్బర్లన్నీ ఒకేసారి మార్చేయండి. గమ్ సంగతంటారా, వీటిలో చాలావాటికి గమ్మే అక్కర్లేదు.

కార్పెట్ ఎందుకు తడుస్తుందో ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది డబ్బులు పోగొట్టుకునేది అక్కడే. కిటికీ రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపుతుందని అందరూ అనుకుంటారు. ఆపదు. కొత్త కారులో కూడా వాన నీళ్లు అద్దం మీద నుంచి జారి ఎంతో కొంత తలుపు లోపలికి దిగుతూనే ఉంటాయి. తలుపును తయారుచేసిందే అలా. లోపలికి దిగిన నీళ్లు అడుగున ఉన్న కంతల్లోంచి రోడ్డు మీదకి కారిపోవాలి. డోర్ ప్యాడ్ వెనక అంటించిన ప్లాస్టిక్ షీటు ఆ నీళ్లు ప్యాడ్ వైపు, అక్కడి నుంచి కార్పెట్ వైపు రాకుండా ఆపాలి. పాత కార్లలో ఈ రెండూ చెడిపోయి ఉంటాయి. కంతలు మట్టీ, ఎండిన ఆకులూ, రాలిన రబ్బరు పొడీ చేరి మూసుకుపోతాయి. షీటు ఎప్పుడో ఎవరో రెగ్యులేటర్ (హ్యాండిల్ తిప్పితే అద్దాన్ని ఎత్తి దించే యంత్రం) రిపేరు చేస్తూ చింపేసి ఉంటారు, మళ్లీ వేసి ఉండరు.

ఒకాయన నా దగ్గరికి వచ్చేసరికే రెండుసార్లు రబ్బర్లు మార్పించి ఉన్నాడు. మూడోసారి ఇంకా మందం రబ్బరు వేయమన్నాడు. తలుపు ఊపి చూస్తే లోపల నీళ్లు కదులుతున్న చప్పుడు. అడుగు కంతలో సన్నటి తీగ పెట్టి పొడిస్తే ముందు నల్లటి బురద, ఆ వెనకే ధారగా నీళ్లు. ఆ రోజు కొత్త రబ్బరు ముక్క కూడా కొయ్యలేదు. కంతలు శుభ్రం చేసి, కొత్త షీటు వేసి పంపించాను. కాబట్టి రబ్బర్లు ఆర్డర్ పెట్టే ముందు మీరూ తలుపు అడుగున తీగ పెట్టి చూడండి.

ఇక ఏవేవి మార్చాలో చూద్దాం. ఒక మాట ముందే చెబుతాను, మీ తలుపుకు అద్దం చుట్టూ ఫ్రేము ఉందనుకుని రాస్తున్నాను. ఫ్రేము లేని తలుపులున్న కార్లలో అద్దం నేరుగా పైకప్పు అంచున ఉన్న రబ్బరుకు ఆనుతుంది. అక్కడ అద్దం ఎత్తు, వాలు సరిచేయడమే సగం పని.

అద్దం తలుపులోకి దిగే సందుకు అటూ ఇటూ రెండు పట్టీలుంటాయి, బయట ఒకటి, లోపల ఒకటి. నూగులాంటి ఫెల్ట్ గానీ, పెదవిలాంటి రబ్బరు గానీ ఉంటుంది వీటికి. అద్దాన్ని తుడవడం, ఊగకుండా పట్టడం వీటి పని. మీరు బీడింగ్ అంటున్నది ఈ బయటి పట్టీ. అద్దం పైకీ కిందికీ నడిచే దారిలో, ఫ్రేము లోపల, మూడు వైపుల నుంచీ అద్దం అంచును పట్టుకునే గాడి ఒకటి ఉంటుంది. అది గ్లాస్ ఛానల్. గలగలకు అసలు దోషి చాలావరకు ఇదే. తర్వాత ముక్కోణపు అద్దం చుట్టూ రబ్బరు, దానికీ పెద్ద అద్దానికీ మధ్య నిలువు కమ్మీలో ఉండే ఛానల్ ముక్క. చివరగా అద్దం అడుగు అంచుకూ, దాన్ని ఎత్తే ఇనుప పట్టాకూ మధ్య ఒక రబ్బరు టేపు. ఈ టేపును అందరూ మర్చిపోతారు. అది ఎండిపోతే అద్దం పట్టాలో వదులై, మీరు ఎన్ని కొత్త ఛానళ్లు వేసినా టకటకలాడుతూనే ఉంటుంది.

తలుపు చట్రం చుట్టూ ఉండే డోర్ రబ్బరు వేరే సంగతి. గమ్ కావాల్సింది ముఖ్యంగా దానికి. ఆ మాట తర్వాత.

పాత రబ్బరు ఇలా ఎందుకైపోతుందంటే, ఆ రోజుల్లో ఎక్కువగా సహజ రబ్బరు, దాన్ని పోలిన కృత్రిమ రబ్బర్లు వాడేవారు. వాటికి ఎండలోని అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఓజోనూ రెండూ పడవు. సాగదీసి ఉన్నచోట, అంటే మూలల్లో, ముందుగా పగుళ్లు వస్తాయి. ఇప్పుడు దొరికే మంచి రబ్బర్లు చాలావరకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. ఇది ఎండకూ ఓజోన్‌కూ బాగా తట్టుకుంటుంది. దీనికి పడనిదల్లా పెట్రోలు, ఇంజిన్ ఆయిలు, మామూలు గ్రీజు. అవి తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. అందుకే రబ్బరుకు సిలికాన్ స్ప్రే లేదా సిలికాన్ గ్రీజు మాత్రమే వాడండి. తెల్ల లిథియం గ్రీజు రెగ్యులేటర్ పళ్లకూ, రోలర్లకూ. అది ఫెల్ట్ మీద పడితే దుమ్ము పట్టి ముద్దైపోతుంది.

కొనేటప్పుడు పాత ముక్కలు పారేయకండి. అడ్డంగా కోసి, కోసిన ముఖం కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకోండి. గాడి వెడల్పు, లోతు, పెదవి ఎటు వంగింది, లోపల ఇనుప రేకు ఉందా అన్నవి ఆ గీతలో కనిపిస్తాయి. మీ మోడల్‌కే తయారుచేసిన సెట్టు దొరికితే మంచిదే, ముఖ్యంగా ముక్కోణపు అద్దం రబ్బరు, ఎందుకంటే అది అచ్చులో పోసిన ఆకారం. మీటర్ల లెక్కన దొరికే రబ్బరుతో అది చేయలేరు. ఛానల్ మాత్రం మీటర్లలో కొన్నా పని జరుగుతుంది, వెడల్పు సరిపోవాలంతే. అద్దం మందం కొలవకుండా ఛానల్ కొంటే మాత్రం ఇరుక్కుపోతారు.

ఇప్పుడు విప్పడం. కిటికీ తిప్పే హ్యాండిల్‌కు స్క్రూ కనిపించకపోతే, వెనకాల గుర్రపు లాడం ఆకారంలో స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. ప్యాడ్‌ను కాస్త వెనక్కి నొక్కి, హ్యాండిల్‌కూ వాషర్‌కూ మధ్య గుడ్డపీలిక దూర్చి అటూ ఇటూ లాగితే క్లిప్పు ఎగిరి వస్తుంది. ఎగిరి అంటే నిజంగానే ఎగురుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, తలుపు కింద దుప్పటి పరవండి. ప్యాడ్ క్లిప్పులను స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే అరవై ఏళ్ల అట్ట చిరుగుతుంది. వెడల్పాటి ప్లాస్టిక్ గరిటెలాంటిది క్లిప్పు పక్కనే దూర్చి ఎత్తండి. లోపలి ఫెల్ట్ పట్టీ కొన్ని కార్లలో తలుపు రేకుకు కాక ప్యాడ్ పై అంచుకే పిన్నులతో కుట్టి ఉంటుంది, ప్యాడ్ తీసేటప్పుడు చూసుకోండి.

అద్దాన్ని దించి, పట్టా బోల్టులు విప్పి, నిలువు కమ్మీ వదులు చేస్తే అద్దాన్ని వాల్చి పైకి తీయొచ్చు. ఏ కోణంలో వాల్చితే బయటికి వస్తుందో ఒక్కో కారుకు ఒక్కో రకం. రాకపోతే బలవంతం చేయొద్దు, ఎక్కడో ఇంకో బోల్టు ఉందని అర్థం. చాలా కార్లలో పక్క అద్దాలు టఫెన్డ్ గ్లాస్, అంటే వేడితో గట్టిపరిచిన గాజు. వాటి ముఖం మీద చెయ్యి గట్టిగా వేసినా ఏమీ కాదు. అంచు ఇనుముకు టక్కున తగిలితే మాత్రం మొత్తం ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. చేతులకు గ్లౌజులు, కింద మెత్తటి గుడ్డ తప్పనిసరి.

రెగ్యులేటర్ జోలికి పోవాల్సిన అవసరం లేకపోతే పోవద్దు. చాలావాటిలో చుట్ట స్ప్రింగు ఒకటి బిగుతుగా ఉంటుంది. బరువు తీసేసిన రెగ్యులేటర్‌ను తలుపు నుంచి విప్పితే దాని చెయ్యి ఒక్కసారిగా విదిలిస్తుంది. నా ఎడమ బొటనవేలి గోరు సగం నల్లగా ఉండటానికి కారణం అదే.

పాత ఛానల్ లాగేశాక ఫ్రేము గాడిలో తుప్పు కనిపిస్తుంది. ఇక్కడ తొందరపడకండి. కొత్త రబ్బరు బాగా కూర్చోవడం అన్నది ఈ గాడి మీద ఆధారపడి ఉంటుంది. తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి గాడిని ఇరుకు చేస్తుంది. దాని మీదే కొత్త ఛానల్ దూరిస్తే అద్దం పట్టేసి, హ్యాండిల్ బలంగా తిప్పీ తిప్పీ చివరికి రెగ్యులేటర్ పళ్లు అరగదీస్తారు. వైర్ బ్రష్‌తో గీకి, రస్ట్ కన్వర్టర్ పూసి, ప్రైమర్, పెయింటు పల్చగా వేయండి. పెయింటు పూర్తిగా ఆరేదాకా ఆగండి, వీలైతే రెండు మూడు రోజులు. పైన ఆరినట్టు కనిపించి లోపల పచ్చిగా ఉంటే ఫెల్ట్ దానికి అంటుకుపోతుంది. పాత గమ్ జిగురు తీయడానికి థిన్నర్ వాడుతుంటారు. అది బయటి పెయింటు మీద ఒక్క చుక్క పడితే మచ్చే. అంచులన్నిటికీ ముందే మాస్కింగ్ టేపు వేసుకోండి.

బండికి కొత్త పెయింటు వేయించే ఆలోచన ఉంటే మాత్రం రబ్బర్ల పని దాని తర్వాతే పెట్టుకోండి, అప్పటిదాకా సిలికాన్ స్ప్రే డబ్బా ఆ చుట్టుపక్కల కూడా తేవద్దు. సిలికాన్ తగిలిన రేకు మీద పెయింటు నిలవదు, చేప కళ్లలాంటి గుంటలు పడతాయి.

బిగించడంలో నేను పాటించే వరుస ఇది. ముందు ముక్కోణపు అద్దం రబ్బరు. అది అన్నిటికన్నా విసిగించే ముక్క. సబ్బు నీళ్లు బాగా రాసి, ముందు మూలను కూర్చోబెట్టి, అక్కడి నుంచి రెండు వైపులకూ నొక్కుకుంటూ పోవాలి. చిన్న అద్దం తిరిగే ఇరుసు దగ్గర పెదవి లోపలికి మడతపడుతుంది. మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ పుల్లతో బయటికి లాగి సరిచేయండి, స్క్రూడ్రైవర్ మొనతో కాదు. తర్వాత పెద్ద అద్దం ఛానల్.

ఛానల్ దగ్గర ఒక విషయం వివరంగా చెప్పాలి. చుట్టగా వచ్చిన రబ్బరును వెంటనే బిగించకండి. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, లేదా ఎండలో పరిచి, దాని వంపు పోనివ్వండి. తర్వాత గాడిలో వేలితో నొక్కుకుంటూ వెళ్లండి. రబ్బరును సాగదీయొద్దు, పొడవు ఉండగానే కాస్త కుదించి కూర్చోబెట్టండి. కొలతకు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోయండి. నేను కొత్తలో చేసిన తప్పు ఇదే. పైనుంచి గట్టిగా లాగి నీటుగా గీత గీసినట్టు బిగించాను, చూడటానికి ఎంత బాగుందో. రెండు వారాలకు రబ్బరు తన అసలు పొడవుకు వచ్చేసి, వెనక పై మూలలో చిటికెనవేలు దూరేంత సందు మిగిలింది. స్పీడు పెరిగితే ఆ సందులోంచి ఈల. బండి ఓనరు ఆ ఈల ఏ స్పీడులో మొదలవుతుందో కూడా నాకు చెప్పేవాడు పాపం.

మూలల్లో వంపు కోసం ఛానల్ వెనక వైపు, అంటే ఫ్రేముకు ఆనే వైపు, వి ఆకారంలో చిన్న గంటు కోయండి. అద్దం వైపు ఫెల్ట్ మాత్రం కోయకూడదు, అది తెగకుండా మూల తిరగాలి. లోపల ఇనుప రేకున్న ఛానల్‌ను మోకాలికి ఆనించి వంచితే అది మడతపడి పాడవుతుంది. మూల గుండ్రంగా ఉంటే అదే వంపున్న సీసానో, పైపునో ఆధారం చేసుకుని కొంచెం కొంచెంగా వంచండి.

అద్దం అడుగున కొత్త టేపు పెట్టి, పట్టాలో కూర్చోబెట్టి, తలుపులోకి దించండి. బోల్టులు చేత్తోనే బిగించి, అద్దం మూడు నాలుగుసార్లు పూర్తిగా పైకీ కిందికీ తిప్పి, అది తన దారి చూసుకున్నాక అప్పుడు స్పానర్ వేయండి. ముందే బిగించేస్తే అద్దం ఒక వైపు ఒరిగి ఎక్కుతుంది.

ఆఖర్న సందు పట్టీలు. బయటి పట్టీ స్ప్రింగు క్లిప్పులతో ఉంటే అద్దం పూర్తిగా దించి, క్లిప్పు కొక్కేన్ని రేకు అంచు కిందికి దూర్చి పైకి లాగితే టక్కున పడుతుంది. కింద పడిన క్లిప్పు తలుపు అడుగుకు పోతుంది కాబట్టి దారం కట్టి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, అది నవ్వుకోవాల్సిన పనేం కాదు. కొన్నిటికి పిన్నులు, కొన్నిటికి రివెట్లు. పాత కంతలే వాడండి. రివెట్లు గానీ స్క్రూలు గానీ వేస్తే తల అద్దం వైపు ఎత్తుగా నిలవకుండా చూడండి. ఒకసారి ఒక రివెట్ తల ఒక్క మిల్లీమీటరు పైకి నిలిచింది, నాకు కనిపించలేదు. పది సార్లు అద్దం దించేసరికి పైనుంచి కిందిదాకా నిలువునా గీత. అది పాలిష్‌కు పోలేదు, ఆ అద్దం ఖర్చు నాదే అయింది. అప్పటి నుంచి పట్టీ బిగించగానే అద్దం బదులు పల్చటి అట్ట ముక్కను సందులో పైకీ కిందికీ లాగి, దాని మీద గీత పడిందేమో చూస్తాను.

గమ్ విషయం. ఛానల్ గాడిలో బిగుతుగా కూర్చుంటే గమ్ వద్దు. మూలల్లో లేస్తుంటే అక్కడ మాత్రం ఒక్క చుక్క. చట్రం చుట్టూ ఉండే డోర్ రబ్బరుకు, అది కూడా గాడిలో దూరే రకం కాకపోతేనే, వెదర్‌స్ట్రిప్ గమ్ కావాలి. రెండు వైపులా పల్చగా రాసి, వేలికి జిగటగా తగులుతూ తీగ సాగని దశకు వచ్చాక అంటించాలి. చాలామంది సిలికాన్ సీలెంట్ ట్యూబు పట్టుకొస్తారు. ఘాటు వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, రేకును తుప్పు పట్టిస్తుంది. పైగా తర్వాత ఎప్పుడైనా విప్పాల్సి వస్తే గీకలేక చస్తారు.

ప్యాడ్ మళ్లీ పెట్టే ముందే నీళ్లతో పరీక్ష చేయండి. ప్రెషర్ గన్ వద్దు, దాని ముందు ఏ రబ్బరూ నిలవదు. మామూలు పైపుతో మెల్లగా, ముందు అద్దం కింది అంచు దగ్గర, తర్వాత పక్కలు, ఆఖర్న పై మూలలు, ఒక్కో చోట ఐదు నిమిషాలు. ఇంకొకరు లోపల టార్చిలైటు వేసుకుని కూర్చోవాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా జారి, ఏ సందులోంచి వచ్చాయో తెలియదు. తలుపు లోపల అద్దం వెంట సన్నగా నీళ్లు దిగి అడుగు కంతల్లోంచి బయటికి పోతుంటే కంగారు పడకండి, అంతా సరిగ్గా ఉన్నట్టే. లోపలి రేకు మీదుగా సీటు వైపు వస్తేనే తప్పు.

తర్వాత ప్లాస్టిక్ షీటు. దాని కింది అంచు రేకు మీద బయటికి వేలాడకూడదు. తలుపు లోపలి రేకులో ఉన్న చీలికలోంచి లోపలికి దూర్చాలి. అప్పుడే షీటు మీద జారిన నీళ్లు మళ్లీ తలుపులోకి పోతాయి. చుట్టూ బ్యుటైల్ టేపు వేసి అంటించండి.

డోర్ రబ్బరు కూడా మార్చితే తలుపు మొదట్లో గట్టిగా వేయాల్సి వస్తుంది. వెంటనే లాక్ స్ట్రైకర్ (తలుపు లాక్ పట్టుకునే, చట్రం మీది కొక్కెం) జరిపేయొద్దు. కొన్ని వారాల్లో రబ్బరు అణిగి సర్దుకుంటుంది. ఇప్పుడు జరిపితే అప్పుడు తలుపు వదులవుతుంది. ఒకవేళ కిటికీ కొంచెం దించితే తలుపు సులువుగా పడుతోందంటే రబ్బరు మందం ఎక్కువై కాదు, లోపలి గాలికి పోయే దారి లేకే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నడిపినవాళ్లను అడగండి, కిటికీ కాస్త దించి తలుపు వేయడం వాళ్లకు అలవాటే. రబ్బరు ఎక్కడైనా ఆనడం లేదని అనుమానముంటే దాని మీద సుద్దపొడి రాసి తలుపు మూసి తెరవండి, ఎదుటి రేకు మీద గీత ఎక్కడ తెగిందో అక్కడే సందు.

మీ కారు విషయానికొస్తే, గలగల అద్దం సగం దించినప్పుడు ఎక్కువా, పూర్తిగా ఎత్తినప్పుడు ఎక్కువా అన్నది గమనించండి. సగం దించినప్పుడే ఎక్కువైతే సందు పట్టీలూ, నిలువు కమ్మీలోని ఛానలూ అరిగాయి. పూర్తిగా ఎత్తినా తగ్గకపోతే ప్యాడ్ విప్పగానే ముందు ఆ అడుగు టేపును వేలితో నొక్కి చూడండి.